మా మల్లిని బతికించిన వారికి కృతజ్ఞతలు

గత ఆదివారం సాయంత్రం సైనిక్‌పురిలోని మా ఇంటి వాకిట్లో మా కుక్క మల్లి నారింజ రంగు గింజ ఒకటి నములుతూ కనిపిస్తే, ఏదో పండు పిక్క అనుకుని నేను పట్టించుకోలేదు. అరగంటలోనే అది రెండుసార్లు వాంతి చేసుకుని మూలన ముడుచుకుని పడుకుంది.

కంగారులో ఉప్పునీళ్ళు కలిపి తాగించబోతుంటే, వృక్షశాస్త్రం బోధించి రిటైరైన పక్కింటి మేడం గారు పిట్టగోడ అవతలి నుంచే వారించారు. ఉప్పు ఎక్కువైతే కుక్కలకు అదే ప్రాణాంతకమని చెప్పి, గింజను చూడగానే అది మా కుండీలోని సైకస్‌దేనని గుర్తుపట్టారు. చూడటానికి ఈతచెట్టులా ఉన్నా అది ఆ జాతి కాదని, మొక్క అంతటా విషమేనని, గింజల్లో మరీ ఎక్కువని, అందులోని సైకాసిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుందని వివరిస్తూనే, నమిలిన ముక్కలను ఏరి కవరులో వేసి నా చేతికిచ్చారు. ఆ కవరే మల్లిని కాపాడింది. మొదట వెళ్ళిన క్లినిక్‌లో గడ్డి తిని ఉంటుంది, రేపు తీసుకురండి అన్నారు. రెండో చోట డాక్టరు గారు కవరు విప్పి చూసిన మరుక్షణమే ఇంజెక్షనుతో కడుపు ఖాళీ చేయించి, బొగ్గుపొడి మందు పట్టించి, సెలైన్ ఎక్కించారు. కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజుల దాకా బయటపడకపోవచ్చని, కాస్త తేరుకున్నా ధీమా పడవద్దని హెచ్చరించి, బుధవారం వరకు రోజూ రక్తపరీక్ష చేయించారు. వారిద్దరికీ మా కుటుంబం ఎంతో రుణపడి ఉంది.

సైకస్‌తో పాటు, గుండెకు ముప్పు తెచ్చే గన్నేరునూ వాకిట్లోంచి తీసేశాము. పిల్లులున్న ఇళ్ళవారికి చెప్పమని డాక్టరు గారు మరొక మాట కూడా అన్నారు: బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీల పుప్పొడి ఒంటికి అంటి, దాన్ని నాకినా పిల్లుల మూత్రపిండాలు పాడవుతాయట. మనం దండల్లో లిల్లీ అని పిలుచుకునే నేలసంపెంగ వేరు, ఇది వేరు.

ఇక ఆటో అన్నకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఒక క్లినిక్ నుంచి మరొక క్లినిక్‌కు తిప్పినా మీటరు మీద రూపాయి ఎక్కువ తీసుకోలేదు సరికదా, సీటు మీద మల్లి వాంతి చేసుకుంటే తన భుజం మీది తువాలే దాని కింద పరిచారు. ఆ ఎర్రగళ్ళ తువాలు ఉతికి, మడిచి మా ఇంట్లోనే ఉంచాము. ఆయన ఎవరో తెలిసినవారుంటే దయచేసి మాకు తెలియజేయండి.