నువ్వు కొనిచ్చిన ఆఫ్టర్‌నూన్ టీ గురించి

చిన్నీ,

ఫోన్‌లో నాన్న "చాలా బాగుందమ్మా" అన్నారు కదా, నువ్వు బాధపడతావని అలా అన్నారు. అసలు బాగోలేదు. గ్లాస్గోలో నైట్ డ్యూటీలు చేసి దాచుకున్న డబ్బుతో నా పుట్టినరోజుకి కొన్న వోచర్ అది, నీ దగ్గర దాచడం నాకు నచ్చలేదు. పైగా ఇప్పుడు నీతో ఒక పని కూడా పడింది, అది చివర్లో చెప్తాను.

అమ్మమ్మ ఎంత సరదా పడిందో తెలుసా! ఉప్పాడ చీర కట్టుకుని, దాని మీద నా కోటు వేసుకుని, అందరికంటే ముందు రెడీ అయిపోయింది. లీడ్స్ నుంచి కారులో వెళ్తున్నంతసేపూ ఒక టీ కోసం ఇంత దూరం ఎందుకే అని అడుగుతూనే ఉంది. అందుకని బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా గురించి చెప్పాను. 1840 ప్రాంతంలో ఇక్కడి గొప్పింటివాళ్ళు రాత్రి ఎనిమిదింటికి గానీ భోజనానికి కూర్చునేవారు కాదనీ, మధ్యలో నీరసం వస్తోందని ఆవిడ టీ, రొట్టె, వెన్న తన గదికి తెప్పించుకునేవారనీ, తర్వాత స్నేహితురాళ్ళని కూడా పిలవడంతో అది అలవాటైందనీ చెప్తారు కదా, అదంతా. "అయితే మన సాయంత్రం టిఫినేగా" అంది. మూడు అంతస్తుల స్టాండు ఫోటో చూపించి, కింద శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్లు అనే చిన్న గుండ్రటి రొట్టెలు, పైన కేకులు, కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి అని కూడా నేర్పించాను.

హోటల్ చూడ్డానికి చాలా అందంగా ఉంది, ఆ మాట ఒప్పుకోవాలి. మూడు గంటలకి బుకింగ్. లోపలికి వెళ్తే కనీసం రండి అనే మనిషి లేడు. నిలబడీ నిలబడీ అమ్మమ్మ మోకాళ్ళు నొప్పులంటే, నాన్న వెళ్ళి ఎక్కడినుంచో ఒక కుర్చీ తెచ్చి వేశారు. ఆ తర్వాత వచ్చినమ్మాయి మమ్మల్ని తీసుకెళ్ళి వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టింది. కిటికీ దగ్గర మూడు టేబుళ్ళు ఖాళీగా ఉన్నాయి, అడిగితే రిజర్వ్ అయ్యాయంది. మేం బయటికొచ్చేదాకా వాటిలో ఎవరూ కూర్చోలేదు. మన రంగు చూసి ఇలా చేశారా అని నాన్న మెల్లగా అన్నారు. నేను అలా అనుకోను, ఎందుకంటే పక్క టేబుల్‌లో ఉన్న తెల్ల ముసలి దంపతులు కూడా టీ కోసం మాలాగే తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. అంత పెద్ద హాలుకి ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. మనుషుల్ని పెట్టుకోకుండా డబ్బు మిగుల్చుకుంటున్నారు, అంతే.

నేను నిజంగా బాధపడింది తిండి దగ్గర. అమ్మమ్మకి పూర్తి శాకాహారం, గుడ్డు కూడా పనికిరాదు అని బుకింగ్‌లో రాశాను, ముందురోజు ఫోన్ చేసి మళ్ళీ చెప్పాను, నోట్ చేసుకున్నామన్నారు. తీరా చూస్తే ముగ్గురికీ కలిపి ఒకటే స్టాండు తెచ్చి పెట్టాడు ఆ అబ్బాయి. కీరా శాండ్‌విచ్‌లకి ఆనుకుని గుడ్డువి, వాటి పక్కనే సాల్మన్ చేపవి. అమ్మమ్మ ఆ నారింజ రంగు చూసి క్యారెట్ అనుకుని చేతిలోకి తీసుకుంది. నేను చూడకపోతే నోట్లో పెట్టుకునేదే చిన్నీ! జీవితంలో ఎప్పుడూ ముట్టని మనిషి. పిలిచి చెప్తే, "అవి పక్కన పెట్టేయండి, మిగతావి వెజిటేరియనే" అన్నాడు. స్కోన్‌లో గుడ్డు ఉందా అంటే "ఉండదనుకుంటా". పైనున్న మూస్ అనే మెత్తటి స్వీట్‌లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉందా అంటే మళ్ళీ "ఉండదనుకుంటా".

ఈ దేశంలో తిండి అమ్మేవాళ్ళు 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగితే తప్పకుండా చెప్పాలి, అందులో గుడ్డూ ఉంది, చేపా ఉంది. జెలటిన్ ఆ జాబితాలో లేదు, మనలాంటివాళ్ళకి అదొక ఇబ్బంది, అయినా వంటగదిలోకి వెళ్ళి ఒక్కమాట అడిగి రావడానికి ఎంతసేపు పడుతుంది?

అమ్మమ్మకి వేరే ప్లేటు తెస్తానన్నాడు. అది వచ్చేసరికి మా టీ చల్లారిపోయింది. అసలు అది మరిగిన నీళ్ళతో పెట్టిన టీయే కాదు, గోరువెచ్చటి నీళ్ళలో బ్యాగు వేసి తెచ్చారు, అస్సాం టీ అడిగినా రంగే దిగలేదు. ఆ ప్లేటులో ఏముందంటే రెండు బ్రెడ్ ముక్కల మధ్య కీరా, నాలుగు స్ట్రాబెర్రీలు. "నాకు ఆకలి లేదులేమ్మా, మీరు తినండి" అంది అమ్మమ్మ. పొద్దున్న ఇడ్లీ తిన్న మనిషికి ఆకలి లేకపోవడం ఏంటి? ఆ మాట తర్వాత నాకు కేకు గొంతు దిగలేదు.

ఆ అమ్మాయి మాత్రం మంచిది. ఎవరూ అడక్కుండానే చిన్న గిన్నెలో ఇంకొంచెం క్లాటెడ్ క్రీమ్, కప్పులో మరిగే నీళ్ళు, వేరే టీ బ్యాగు తెచ్చి అమ్మమ్మ ముందు పెట్టింది. ఆ క్రీమ్‌లో కనీసం 55 శాతం కొవ్వు ఉండాలట, అచ్చం మన మీగడే, స్ట్రాబెర్రీలతో ఇష్టంగా తింది.

తొంభై నిమిషాలు అవగానే అడక్కుండానే బిల్లు వచ్చింది. వోచర్ ఉన్నా మొత్తం విలువ మీద 12.5 శాతం సర్వీస్ ఛార్జీ వేశారు. నాన్న కార్డు తీయబోతే ఆపి, ఇది తీసేయండి అన్నాను, అది ఇష్టమైతేనే ఇచ్చేది కదా. గుడ్డు గురించి మొత్తుకున్నప్పుడు రాని మేనేజర్ అప్పుడొచ్చాడు. చివరికి తీసేశాడు. 2024 అక్టోబర్ నుంచి టిప్పులన్నీ పనివాళ్ళకే ఇవ్వాలని చట్టం ఉంది కాబట్టి ఆ అమ్మాయికి నష్టమని అనిపించి, తనకి మాత్రం చేతిలో ఐదు పౌండ్లు పెట్టి వచ్చాను.

ఇప్పుడు నీతో పని. జరిగిందంతా రాసి, కొంత డబ్బు వెనక్కి ఇవ్వమని హోటల్‌కి మెయిల్ పెట్టాను. 2015 వినియోగదారుల చట్టం ప్రకారం సేవ సరిగ్గా చేయకపోతే ధర తగ్గించమని అడిగే హక్కుంది. అయితే వోచర్ నీ పేరు మీద ఉంది కాబట్టి నీతోనే మాట్లాడతారట. నా మెయిల్ నీకు పంపించాను, దాన్నే వాళ్ళకి నీ మెయిల్ నుంచి పంపు. కోపంలో ఫోన్ చేసి ఆ పిల్లల మీద అరవకు, తప్పు వాళ్ళది కాదు, ఆ అబ్బాయిక్కూడా నీకన్నా చిన్న వయసే ఉంటుంది. వాళ్ళు ఇంకో టీ వోచర్ ఇస్తామంటే వద్దను, డబ్బే అడుగు. వచ్చిన దాంతో లీడ్స్‌కి రైలు టికెట్ కొనుక్కుని, అమ్మమ్మ కాకినాడ వెళ్ళేలోపు ఒక వారాంతం రా. రాకముందు నీ డ్యూటీలు ఎప్పుడెప్పుడో చెప్పు, నాన్న సెలవు పెడతారు.

ప్రేమతో
అమ్మ