లీనా హార్న్‌ది అపజయం కాదు

సంపాదకులకు నమస్కారం.

బిగ్ బ్యాండ్‌లలో, అంటే పెద్ద జాజ్ వాద్యబృందాల్లో పాడి హాలీవుడ్ నటీమణులైన వారి గురించి గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అమెరికా నల్లజాతి గాయని, నటి లీనా హార్న్‌కు అందులో దక్కినవి రెండే వాక్యాలు. అందగత్తె, మంచి గొంతు, కానీ నటిగా రాణించలేదు అని తేల్చేశారు. రాణించనివ్వలేదు అని రాసి ఉండాల్సింది.

నేను చాలాకాలం సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేశాను. కథతో సంబంధం లేని పాటయితే, ముందొక చోట, వెనకొక చోట కోసి అతికిస్తే సరిపోతుంది. ప్రేక్షకుడికి అనుమానం కూడా రాదు. హీరోయిన్ సీన్లు అలా తీసేస్తే కథే అర్థం కాదు. హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. స్టూడియో ఈ లెక్క చూసుకునే లీనాను వాడుకుంది. చాలా సినిమాల్లో ఆవిడ మంచి గౌను వేసుకుని వచ్చి, ఒక స్తంభానికి ఆనుకుని పాడి వెళ్లిపోతారు. కథలో ఎవరితోనూ మాట ఉండదు. నల్లజాతి నటి తెరమీద హుందాగా కనిపిస్తే ఒప్పుకోని హాళ్లు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఉండేవి. అక్కడ ఆ ముక్క తీసేసి సినిమా ఆడించేవారు. ఒక గాయని గొంతును కోతకు వీలుగా చిత్రీకరించారంటే, ఆ రీళ్లు చేత్తో పట్టుకున్నవాడిగా నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1917లో పుట్టిన ఈమె పదహారేళ్లకే అదే నగరంలో హార్లెంలోని కాటన్ క్లబ్ అనే నైట్‌క్లబ్‌లో డాన్సర్. తర్వాత నోబుల్ సిసిల్ ఆర్కెస్ట్రా, ఆపైన చార్లీ బార్నెట్ బ్యాండ్. బార్నెట్ బ్యాండ్‌లో వాద్యకారులు తెల్లవాళ్లు. వాళ్లతో కలిసి వేదికమీద పాడిన మనిషికి ఊళ్లలో హోటల్ గది ఇచ్చేవాళ్లు కాదు. 1942లో ఎం.జి.ఎం.తో ఏడేళ్ల ఒప్పందం కుదిరింది. పనిమనిషి వేషాలు వేయనని ముందే చెప్పారు. అప్పట్లో నల్లజాతి నటీమణులకు దొరికేవే ఆ వేషాలు! నటించే చోటు నిజంగా దొరికింది 1943లో, పూర్తిగా నల్లజాతి తారాగణంతో వచ్చిన 'క్యాబిన్ ఇన్ ద స్కై', 'స్టార్మీ వెదర్' సినిమాల్లో.

'షో బోట్' సినిమా సంగతి కూడా మీ వ్యాసంలో లేదు. అందులో జూలీ అనే పాత్ర తల్లిదండ్రుల్లో ఒకరు నల్లజాతివారు. లీనా ఆ వేషం కోరుకున్నారు. 1946లో వేరే సినిమాలో జూలీ పాట పాడి చూపించారు కూడా. 1951లో ఆ వేషం తెల్లజాతి నటి ఆవా గార్డ్‌నర్‌కు వెళ్లింది. ఆవా బాగానే చేశారు, ఆవిడను నేను తప్పుపట్టను.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల కోసం పాడటానికి వెళితే, ఒక శిబిరంలో ముందు వరసల్లో జర్మన్ యుద్ధ ఖైదీలు, వాళ్ల వెనక నల్లజాతి అమెరికన్ సైనికులు కూర్చుని ఉన్నారు. లీనా వేదిక దిగి, ఖైదీలను దాటుకుంటూ వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి తమ సైనికులకు పాడారు.

1950లలో ఆవిడ పేరు బ్లాక్‌లిస్టులో, అంటే కమ్యూనిస్టు సానుభూతిపరులన్న అనుమానంతో పని ఇవ్వకుండా దూరం పెట్టినవారి జాబితాలో పడింది. సినిమా, టీవీ మూసుకుపోయినా నైట్‌క్లబ్బుల్లో, రికార్డుల్లో నిలబడ్డారు. 1981లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఒంటరిగా మొదలుపెట్టిన సంగీత ప్రదర్శన ఏడాదికి పైగా నడిచింది. 2010లో చనిపోయారు. 2022లో బ్రాడ్‌వేలోనే ఒక థియేటర్‌కు ఆవిడ పేరు పెట్టారు.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే మానేయండి. వచ్చే ఆదివారం ఆ 'రాణించలేదు' అన్న మాటకు మాత్రం సవరణ వేయండి.

ఇట్లు,
రిటైరైన సినిమా ఆపరేటర్, మీ పాత పాఠకుడు