సరిహద్దులో అంబులెన్సు ఆగకూడదు

సంపాదకులకు నమస్కారం.

మరో మహమ్మారి వస్తే తట్టుకోగలమా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆక్సిజన్ ప్లాంట్లు, టీకాలు, పడకల గురించి మాట్లాడుకుంటున్నాం. అవన్నీ అవసరమే. అయితే 2021 మే నెలలో తుంగభద్ర అవతల, పుల్లూరు టోల్‌ప్లాజా దగ్గర, కర్నూలు వైపు నుంచి వెళ్లిన అంబులెన్సులు రోగులతో సహా ఎండలో నిలిచిపోయిన సంగతిని మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. కర్నూలులోనే పుట్టి, ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను, రోగుల రాకపోకల విషయంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ప్రశాంతంగా ఉన్న ఈ కాలంలోనే రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోవాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

జరిగినదాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఏ రాష్ట్రంలోనైనా స్థానిక నివాస ధ్రువపత్రం లేదన్న కారణంతో రోగిని చేర్చుకోకుండా ఉండరాదని, అత్యవసర మందులు నిరాకరించరాదని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 30న స్పష్టంగా ఆదేశించింది. ఆసుపత్రుల్లో చేర్చుకునే విధానాన్ని సవరిస్తూ కేంద్ర ఆరోగ్య శాఖ మే 8న ఇచ్చిన ఆదేశాల్లో, వేరే నగరానికి చెందినవాడైనా సరే రోగికి ఆక్సిజన్, మందులతో సహా ఏ సేవనూ నిరాకరించరాదన్న మాట ఉంది. ఆ తరువాత రెండు మూడు రోజులకే పుల్లూరు దగ్గర, కోదాడ దగ్గరి రామాపురం అడ్డరోడ్డు దగ్గర ఆంధ్ర వైపు నుంచి వచ్చిన అంబులెన్సులను ఆపడం మొదలైంది. హైదరాబాద్‌లోని ఆసుపత్రి చేర్చుకుంటానని ముందుగా ఒప్పుకుని ఉండాలి, ఆపైన కంట్రోల్‌రూమ్ నుంచి అనుమతి తెచ్చుకోవాలి అన్నది తెలంగాణ ప్రభుత్వ ఉత్తర్వులోని షరతు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసిన తరువాతే దారి తెరుచుకుంది.

కాగితం మీద చదివితే ఆ షరతు న్యాయంగానే కనిపిస్తుంది. పడక లేనిచోటికి రోగిని తీసుకువెళ్లి ఏం ప్రయోజనం అని అడిగితే ఎవరూ కాదనలేరు. కానీ ఆ రోజుల్లో పడకలు దొరికిన తీరు వేరు. మా బావగారిని ఏప్రిల్ చివరి వారంలో హైదరాబాద్ తీసుకువెళ్లాం. రక్తంలో ఆక్సిజన్ 86కు పడిపోయింది, కర్నూలులో మేం తిరిగిన చోటల్లా పడకలు నిండిపోయి ఉన్నాయి. హైదరాబాద్‌కు ఎన్ని ఫోన్లు చేసినా వచ్చిన సమాధానం ఒకటే: "తీసుకురండి, వచ్చేసరికి ఖాళీ అయితే ఇస్తాం." ఒక పడక ఖాళీ కావాలంటే ఒకరు కోలుకుని ఇంటికి వెళ్లాలి, లేదా ఒకరు చనిపోవాలి. అలాంటి సమయంలో నాలుగు గంటల తరువాత చేరుకునే మనిషి కోసం పడక అట్టిపెట్టామని ఏ ఆసుపత్రి రాసిస్తుంది? రెండువందల పది కిలోమీటర్ల దూరం సిలిండరు మీదే వెళ్లాం. మూడు ఆసుపత్రుల గుమ్మాలు దాటి నాలుగోచోట ఆయనను చేర్చాం. పంతొమ్మిది రోజులు ఉండి ఇంటికి వచ్చారు, ఇప్పటికీ మా మధ్యనే ఉన్నారు. ఆయనే రెండు వారాలు ఆలస్యంగా జబ్బుపడి ఉంటే మా చేతిలో ఏ కాగితమూ ఉండేది కాదు. మా వీధిలోనే మరొక ఇంటివారు ఆ మే నెలలో అదే దారిన వెళ్లి వెనక్కి తిరిగి వచ్చారు. వారి సంగతి రాసే హక్కు వారిదే కనుక నేను రాయను.

తెలంగాణ వైపు వాదనను తేలికగా తీసిపారేయకూడదు. హైదరాబాద్ ఆసుపత్రుల్లో అప్పటికే ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర రోగులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆక్సిజన్‌నూ, రెమ్డెసివిర్‌నూ కేంద్రం రాష్ట్రాలవారీగా పంచుతున్న కాలమది. పొరుగు రాష్ట్రపు రోగి తన రాష్ట్రపు లెక్కలో ఉండి ఇక్కడి సిలిండరు వాడుకుంటే ఇక్కడివారికి తక్కువపడుతుందన్న ఆందోళనలో నిజం ఉంది. గద్వాలలో, మహబూబ్‌నగర్‌లో ఒక తల్లి తన కొడుక్కి పడక దొరకక ఏడుస్తుంటే, అది కర్నూలు తల్లి ఏడుపుకంటే తక్కువది కాదు. అయితే ఆ చిక్కు పుట్టింది పంపిణీ లెక్కలో. దాన్ని సరిదిద్దవలసింది కూడా లెక్కలోనే, రహదారి మీద కాదు. రోగి ఎక్కడ చేరితే అతని వాటా ఆక్సిజన్ అక్కడికి వెళ్లేలా ఏర్పాటు ఉంటే, టోల్‌ప్లాజా దగ్గర పోలీసులను నిలబెట్టవలసిన అవసరమే ఉండేది కాదు.

తప్పంతా ఒకవైపే ఉందని నేను అనడం లేదు. 2020 మార్చి చివర లాక్‌డౌన్ మొదలైనప్పుడు హైదరాబాద్‌లో హాస్టళ్లు మూసివేస్తుంటే, అక్కడి పోలీసులు ఇచ్చిన పాసులు పట్టుకుని సొంత ఊళ్లకు బయలుదేరిన మన పిల్లలను జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపింది మన రాష్ట్రమే. క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తామన్నారు. జబ్బు ఊళ్లలోకి రాకూడదన్నది అప్పటి భయం, అది అర్థం చేసుకోదగినదే. కానీ ఒక రాష్ట్రం ఇచ్చిన పాసు రెండో రాష్ట్రంలో చెల్లకపోవడానికి కారణం ఇద్దరూ ముందుగా మాట్లాడుకోకపోవడమే. ఏడాది గడిచాక అదే లోపం ఈసారి రోగుల మీద పడింది.

బయటివారికి అంతగా తెలియని మరొక సంగతి చెప్పాలి. 1956లో కర్నూలు వైద్య కళాశాల ఏర్పడిన నాటి నుంచి దానికి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి ఈ జిల్లాకు మాత్రమే పరిమితమైనది కాదు. అలంపూరు, గద్వాల ప్రాంతాల నుంచి, కర్ణాటకలోని రాయచూరు, బళ్లారి వైపు నుంచి రోగులు ఇక్కడికి వస్తూనే ఉన్నారు. పాము కాటుకో, కష్టమైన కాన్పుకో అలంపూరు మనిషికి హైదరాబాద్ చాలా దూరం, నది దాటితే కర్నూలు. మన రోగి హైదరాబాద్ వెళ్తాడు, వారి రోగి కర్నూలు వస్తాడు. అంటే ఈ ఒప్పందం ఒకరు మరొకరికి చేసే దయ కాదు, ఇద్దరికీ అవసరమైన ఏర్పాటు. పైగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే 2019 నవంబరు 1 నుంచి ఆరోగ్యశ్రీని హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆసుపత్రులకు విస్తరించింది. వెళ్లి చికిత్స చేయించుకోండి, డబ్బు మేం కడతాం అని ప్రభుత్వం చెప్పినప్పుడు, ఆ దారి ఆపదలో తెరిచి ఉండేలా చూసే బాధ్యత కూడా దానిదే.

ఇలాంటి ఒప్పందం సాధ్యమేనా అని అనుమానించేవారు కేరళ, కర్ణాటక సరిహద్దులోని తలపాడి ఉదంతాన్ని గుర్తుచేసుకోవాలి. 2020 మార్చిలో కర్ణాటక తన సరిహద్దు రోడ్లను మట్టికుప్పలతో మూసివేసినప్పుడు, పెద్ద వైద్యానికి మంగళూరు మీద ఆధారపడిన కాసరగోడు ప్రజలు చిక్కుకుపోయారు. వైద్యం అందక కొందరు ప్రాణాలు కోల్పోయారు. కేరళ హైకోర్టు దారి తెరవమంది, వివాదం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరికి ఏప్రిల్ 7 నాటికి అత్యవసర రోగులను ఏ పద్ధతిలో అనుమతించాలో కేంద్రం సమక్షంలో రెండు రాష్ట్రాలూ ఒక అంగీకారానికి వచ్చాయి. కోర్టు దాకా వెళ్లాక వారికి సాధ్యమైనది, కోర్టుకు వెళ్లకముందే మనకెందుకు సాధ్యం కాదు?

కర్నూలులోనే అన్ని వసతులూ పెంచుకుంటే హైదరాబాద్ ముఖం చూడనక్కర లేదు కదా అని నా మిత్రులు కొందరు అంటారు. పెంచవలసిందే, రాయలసీమకు ఆ హక్కు ఉంది. కానీ ఊపిరితిత్తులు పూర్తిగా దెబ్బతిన్న రోగికి కావలసిన యంత్రాలూ, వాటిని నడిపే వైద్యులూ ప్రతి జిల్లా కేంద్రంలోనూ ఉండే రోజు కోసం వచ్చే మహమ్మారి ఆగదు. ఇంకొందరు ఉమ్మడి రాజధాని హక్కు గురించి అప్పట్లో గట్టిగా వాదించారు. 2014 విభజన చట్టం ఇచ్చిన ఆ పదేళ్ల గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఆ వాదన ఇక పనికిరాదు కనుకే ఒప్పందం అవసరం పెరిగింది.

నేను కోరుతున్నది పెద్ద పత్రమేమీ కాదు. రోగి లోపల ఉన్న అంబులెన్సును ఏ ఉత్తర్వు పేరుతోనూ సరిహద్దులో ఆపకూడదన్నది అందులో మొదటి మాట కావాలి. వివరాలు నమోదు చేసుకోవాలంటే బండి కదులుతుండగా ఫోన్‌లో నమోదు చేసుకోవచ్చు, లేదా దిగిన ఆసుపత్రిలో చేసుకోవచ్చు. రెండు రాష్ట్రాల ఆసుపత్రుల్లో ఖాళీ పడకల వివరాలు రెండువైపుల కంట్రోల్‌రూమ్‌లకూ ఒకేసారి కనిపించాలి. అప్పుడు నాలుగు గుమ్మాలు తిరగవలసిన పని ఉండదు, పడక లేదని తెలిసినవారు బయలుదేరరు కూడా. మందులు, ఆక్సిజన్ కేటాయింపులో పొరుగు రాష్ట్రపు రోగులను చికిత్స చేస్తున్న రాష్ట్రం లెక్కలో చూపేందుకు ఇద్దరూ కలిసి కేంద్రాన్ని ఒప్పించాలి. సరిహద్దు జిల్లాల కలెక్టర్లు, వైద్యాధికారులు ఏడాదికొకసారైనా కలిసి కూర్చోవాలి. విభజన సమస్యలపై ఇద్దరు ముఖ్యమంత్రులు 2024 జులై 6న హైదరాబాద్‌లోని ప్రజాభవన్‌లో సమావేశమై కమిటీలు వేయాలని నిర్ణయించారు. ఆస్తులు, అప్పులు, నీళ్ల పక్కన ఈ ఒక్క అంశాన్నీ చేర్చడానికి ఏ చట్టమూ అడ్డురాదు.

ఈ విషయంపై ఇటువైపు ప్రజాప్రతినిధులకు నేను వేరుగా వినతిపత్రం పంపుతున్నాను. అలంపూరు, గద్వాల ప్రాంతాల పాఠకులు కూడా కర్నూలు పెద్దాసుపత్రితో తమ అనుభవాన్ని, ఆ మే నెలలో తమవైపు పడకల పరిస్థితిని మీ పత్రికకు రాస్తే, రెండు ఒడ్డుల మాటా ఒకేచోట ప్రభుత్వాలకు కనిపిస్తుంది. వాటిని ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కర్నూలు.