వార్షిక నివేదిక: చేతితో చేసిన చెక్క విల్లుల మార్పిడి, పరిశీలన

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. నెలవారీ కూడికలు, కర్రల పంపిణీ, కొత్తవాళ్ల శిక్షణ ఎప్పటిలాగే సాగాయి కాబట్టి వాటి గురించి క్లుప్తంగా చెబుతాను. ఎక్కువ చోటు విల్లుల పరిశీలనకే ఇచ్చాను. ఏడాది పొడవునా మనం ఎక్కువగా వాదించుకున్నది దాని మీదే, చివరికి మార్చుకున్నదీ దాన్నే.

పరిశీలనలో మార్పు

పాత పద్ధతి మీకు తెలిసిందే. విల్లును బల్ల మీద పెట్టేవారు, చేసినవారు ఒకసారి పూర్తిగా లాగి చూపించేవారు, న్యాయనిర్ణేతలు మార్కులు వేసేవారు. నునుపుగా పాలిష్ పట్టి, పిడికి తోలు చుట్టి, కొనలకు కొమ్ము అతికించిన విల్లు ఈ పద్ధతిలో సులభంగా ముందుకొచ్చేది. ఆ పనితనం చిన్నదేమీ కాదు, దానికి మార్కులు ఇప్పటికీ ఉన్నాయి. అయితే విల్లు చేసేది వంగడానికి. ఆ వంపు కర్రకు తగ్గట్టుగా ఉందా లేదా అన్నది ఒక్కసారి లాగి చూపిస్తే తేలదు.

అందుకని ఈసారి ప్రతి విల్లునూ మూడు స్థితుల్లో చూశాం: నారి తీసేసి, నారి ఎక్కించి, పూర్తిగా లాగి. మూడింటికీ గళ్ల గీతలున్న తెర ముందు, కెమెరాను పిడి ఎత్తులో ఎదురుగా నిలబెట్టి ఫొటో తీశాం. కెమెరా కొంచెం పక్కకు ఒరిగినా ఒక బద్ద (పిడికి పైన, కింద వంగే చేతుల్లో ఒకటి) ఎక్కువ వంగినట్టు, రెండోది బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. ఇంతకుముందు జరిగిన గొడవల్లో కొన్ని ఫొటో తీసిన కోణం వల్ల వచ్చినవేనని నాకు గట్టి నమ్మకం.

నారి లేని రూపాన్ని ముందు చూడాలన్న నియమం ఎంత అవసరమో ఒక విల్లు విషయంలో బాగా తెలిసింది. అది ఓసేజ్ ఆరెంజ్ కర్ర, ముడులు ఎక్కువ. పూర్తిగా లాగినప్పుడు పై బద్ద మధ్యలో ఒక జానెడు మేర దాదాపు తిన్నగా నిలిచిపోయినట్టు కనిపించింది. పాత పద్ధతిలో అయితే ‘ఇక్కడ బిగుసుగా ఉంది, ఇంకా గీకాలి’ అని రాసి మార్కులు తగ్గించేవాళ్లం. నారి తీసి చూస్తే, అదే చోట కర్ర పుట్టుకతోనే గురి వైపు వంగి ఉంది. అంటే లాగినప్పుడు అది తిన్నగా కనిపించే దాకా వచ్చిందంటే పక్కనున్న భాగాలతో సమానంగానే పని చేసిందన్నమాట. తయారీదారు మాట విని అక్కడ గీకకుండా వదిలేయడమే సరైన పని. గీకి ఉంటే చూపుకు గుండ్రంగా వచ్చేది, కానీ బరువంతా ఆ జానెడు చోటే మోయాల్సి వచ్చేది, కొన్నాళ్లకు అక్కడే నలిగిపోయేది.

రెండో సంగతి విల్లు నమూనా. అన్ని విల్లులూ ఒకే గుండ్రని వంపు చూపించాలని కోరడం తప్పు. మందం అంతటా ఒకేలా ఉంచి, పిడి నుంచి కొన దాకా వెడల్పును తిన్నగా తగ్గించుకుంటూ పోతే బద్ద వృత్తంలో ముక్కలా వంగుతుంది. వెడల్పు చాలా దూరం ఒకేలా ఉంచి మందం తగ్గిస్తూ పోయే నమూనాలో పిడి దగ్గర తక్కువగా, బయటికి వెళ్లేకొద్దీ ఎక్కువగా వంగడమే సరి. 1944లో డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో దొరికిన ఎల్మ్ విల్లు సుమారు 9000 ఏళ్ల నాటిది. దాని స్ఫూర్తితో ఇప్పుడు చేసే విల్లుల్లో వంపంతా వెడల్పైన లోపలి సగంలో ఉంటుంది, సన్నని కొనలు దాదాపు వంగవు. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలోని పొడవాటి యూ విల్లుల తరహాకు పిడి దగ్గర విడిగా గట్టి భాగం ఉండదు, మధ్య కూడా కాస్త వంగుతుంది. ఈ నాలుగింటినీ ఒకే కొలబద్దతో కొలిస్తే కనీసం మూడింటికి అన్యాయం జరుగుతుంది. కాబట్టి పరిశీలన పత్రంలో మొదటి ప్రశ్న ఇప్పుడు ‘మీరు ఏ వంపు ఆశించి చేశారు?’ అన్నది. తయారీదారు రాసిన జవాబును పక్కన పెట్టుకునే న్యాయనిర్ణేతలు చూస్తారు.

మూడోది, బాణాలు వేశాక విల్లు ఎలా ఉందన్నది. పరిశీలనకు ముందు ప్రతి విల్లుతోనూ కొంతసేపు బాణాలు వేయించి, నారి తీసిన వెంటనే గోడకు ఆనించి కొలిచాం. మొదట తిన్నగా ఉన్న విల్లు విలుకాడి వైపు ఎంత వంగి ఉండిపోయిందో ఆ కొలత చెబుతుంది. మనమంతా ‘సెట్’ అనేది దీన్నే. రాత్రంతా అలాగే వదిలేశాక కొలిస్తే కొంత తిరిగి తేరుకుంటుంది, అందుకే వెంటనే కొలవాలి. అంగుళం లోపు ఉంటే మంచి పని, రెండు అంగుళాలు దాటితే ఎక్కడో చెక్క మీద భారం ఎక్కువ పడిందని అర్థం. చాలా చెక్కలు సాగదీతను తట్టుకున్నంతగా నొక్కుడును తట్టుకోలేవు, కాబట్టి పొట్ట (విలుకాడి వైపు ఉండే ముఖం) వైపే ముందు ఓడిపోతుంది. తడి పూర్తిగా ఆరని కర్రతో తొందరపడి చేసినా ఇదే ఫలితం.

ఒక ఎల్మ్ విల్లు విషయంలో ఈ పరీక్ష ఎలా జరిగిందో రాయాలి. చూడటానికి లోపం లేదు. కింది బద్ద పొట్ట మీద దీపాన్ని ఏటవాలుగా పట్టుకుని, న్యాయనిర్ణేత గోరును కొన నుంచి పిడి వైపు మెల్లగా జరుపుకుంటూ వచ్చారు. పిడికి బెత్తెడు దూరంలో గోరు సన్నగా తట్టుకుంది. దీపాన్ని ఇంకాస్త వంచితే వెంట్రుకంత సన్నని గీతలు, బద్దకు అడ్డంగా, ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి. చెక్క పోగులు నలిగి మడత పడిన గుర్తులు అవి. ఆ చోటు పక్కనున్న భాగాల కంటే పలచగా ఉందని కాలిపర్ చూపించింది. తయారీదారు అక్కడే నిలబడి చూశారు. ఆ రోజే కూర్చుని, పలచబడిన చోటును ముట్టుకోకుండా మిగతా బద్దంతా కొంచెం కొంచెం గీకి, విల్లు బరువు (లాగడానికి పట్టే బలం) తగ్గించుకుని వంపును సమానం చేసుకున్నారు. బహుమతి రాకపోయినా, ఈ ఏడాది పరిశీలనకు నేను తృప్తి పడింది ఆ పూటే.

కొత్త సభ్యులు చాలామంది అడిగిన ప్రశ్న: ఇంత చిన్న తేడా అంత నష్టం చేస్తుందా? చేస్తుంది. వెడల్పు రెట్టింపు చేస్తే బద్ద గట్టితనం రెట్టింపు అవుతుంది. మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లవుతుంది. అందుకే ఒక చోట మందం పదో వంతు తగ్గినా గట్టితనంలో పావు వంతుకు పైగా పోతుంది. టిల్లరింగ్ (వంపు సమానంగా వచ్చేలా బద్దలను కొంచెం కొంచెం గీకి సరిచేయడం) చివరి దశలో ఆకురాయి పక్కన పెట్టి గీకుడు రేకు పట్టుకోమని శిక్షణలో పదేపదే చెప్పేది ఇందుకే.

విభాగాల మీద వాదన

ఒకే కర్రతో చేసినవి, వీపుకు (గురి వైపు ఉండే ముఖానికి) మరో పొర అంటించినవి అని రెండు విభాగాలు కొనసాగుతాయి. జంతువుల నరం అంటించిన విల్లును మొదటి విభాగంలోకి తీసుకోవాలని కొందరు సభ్యులు పట్టుబట్టారు. నరం కూడా ప్రకృతి ఇచ్చిందే, పాత కాలపు పద్ధతే అన్నది వారి వాదన. 1916లో చనిపోయిన యాహీ తెగ వ్యక్తి ఇషి చేసిన పొట్టి విల్లులు జునిపర్ చెక్కకు నరం అంటించినవేనని గుర్తుచేశారు. ఆ మాట నిజం, ఆ పని గొప్పతనాన్ని ఎవరూ కాదనరు. కానీ నరం వీపు మీద సాగదీత భారాన్ని తాను తీసుకుంటుంది. అది లేకుండా వీపు మీద చెట్టు ఏటా పెరిగే వలయాల్లో ఒకేదాన్ని కొన నుంచి కొన దాకా తెగకుండా నిలబెట్టుకున్న విల్లు వేరే పరీక్ష రాసినట్టే. అందుకని రెండింటినీ విడిగా ఉంచాలనే కార్యవర్గం నిర్ణయించింది. ఫైబర్‌గ్లాస్ ఏ విభాగంలోనూ లేదు.

కరెంటు రంపం వాడొచ్చా అన్న చర్చ మూడు కూడికలు తినేసింది. మొద్దు సైజుకు తేవడానికి ఏ పనిముట్టు వాడినా అభ్యంతరం లేదు, టిల్లరింగ్ మాత్రం చేతి పనిముట్లతోనే జరగాలి. రాతి పనిముట్లతోనే మొత్తం పని చేసేవారికి విడిగా ఒక గుర్తింపు ఉంటుంది. దానికి పోటీ లేదు, ఉండకూడదనే నా అభిప్రాయం.

బాణం వేగాన్ని ఈసారి కొలిచాం గానీ మార్కులు ఇవ్వలేదు. విల్లు బరువులో ప్రతి పౌండుకు 10 గ్రెయిన్ల (గ్రెయిన్ చాలా చిన్న తూకం) చొప్పున బరువున్న బాణమే అందరికీ ఇచ్చినా, నారి దేనితో పేనారు, వదిలే చేయి ఎవరిది అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. వేగం కోసం విల్లును అంచు దాకా నెట్టేవారిని ప్రోత్సహించడం కూడా ఇష్టం లేకపోయింది.

విల్లుల మార్పిడి

చీటీలు తీసి, ఒకరి కోసం మరొకరు విల్లు చేసిచ్చే కార్యక్రమం ఈ ఏడాది బాగా నడిచింది. తీసుకునేవారు ముందుగా నాలుగు సంగతులు రాసిచ్చారు: ఎంత దూరం లాగుతారు, ఎంత బరువు కావాలి, ఏ చేత్తో పట్టుకుంటారు, వేళ్లు బాణానికి ఇరువైపులా పెడతారా లేక మూడూ కిందే పెడతారా. చివరి ప్రశ్న ఎందుకని కొందరు అడిగారు. వేళ్లు ఇరువైపులా పెట్టేవారికి కింది బద్ద కొంచెం గట్టిగా ఉంటే బాగుంటుంది, మూడూ కింద పెట్టేవారికి రెండు బద్దలూ సమానంగా ఉంటే సరిపోతుంది. ఇతరుల కోసం చేసే విల్లులో ఈ చిన్న సంగతే మొదటి బాణంతో బయటపడుతుంది.

లాగే దూరం విషయంలో ఖచ్చితంగా ఉండండి. 26 అంగుళాలకు టిల్లర్ చేసిన విల్లును 28 దాకా లాగితే బరువు పెరగడం ఒక్కటే కాదు, కర్ర అంతవరకు ఎప్పుడూ వెళ్లని చోటికి వెళుతుంది. ఒక విల్లు అందిన వారం లోపే ఇలా విరిగింది. తీసుకున్నవారు ముక్కలు పారేయకుండా తయారీదారుకు తిరిగి పంపారు, వారికి సంఘం తరఫున ప్రత్యేకంగా కృతజ్ఞతలు. వీపు మీద ముడి పక్కన వలయం తెగిన చోటే చీలిక మొదలైందని ముక్కలు చూస్తే తెలిసింది. ఎక్కువ లాగడం వల్ల ఆ లోపం త్వరగా బయటపడింది, అంతే. ముడి చుట్టూ వలయం ఎలా పైకి లేచిందో అలాగే వదిలేసి, ఆ చోట కొంచెం ఎక్కువ చెక్క ఉంచాలని పాఠంలా చెప్పేదాన్ని అందరూ కళ్లారా చూశారు.

దాంతోనే విరిగిన విల్లులకు ప్రదర్శనలో ఒక బల్ల కేటాయించాం. ప్రతి విల్లు పక్కన ఏ చెక్క, ఎంత బరువు, ఎప్పుడు విరిగింది అని ఒక చీటీ. జనం ఎక్కువసేపు నిలబడింది ఆ బల్ల దగ్గరే. ఇది శాశ్వతంగా ఉండాలని నేను ప్రతిపాదిస్తున్నాను.

కర్రలు, భద్రత, లెక్కలు

మొద్దులు చీల్చే పని ఈసారి ఉమ్మడిగా చేశాం. పంచిన వాటిలో కొన్ని చివర్లు నెర్రెలిచ్చి వృథా అయ్యాయి. చెట్టు పడిన రోజే చివర్లకు జిగురో పెయింటో దట్టంగా పూయాలి. బెరడు తీసేస్తే వీపుకు కూడా పూయాలి. తర్వాత చూద్దామనుకుంటే కర్ర ఆగదు. ఎల్మ్, హికరీ, యాష్ లాంటి వాటికి బెరడు కింది పొరే వీపుగా పనికొస్తుంది. ఓసేజ్, మల్బరీలకు తెల్ల చెక్క తీసేసి చేవలో ఒక వలయం పట్టుకోవడం మంచిది. ఏ కర్ర ఎవరికి ఇవ్వాలో వచ్చే ఏడు అనుభవాన్ని బట్టి చూస్తాం. మొదటి విల్లు చేసేవారికి ముడుల ఓసేజ్ ఇవ్వడం వారికీ కర్రకీ మేలు చేయదు.

గాయాలు ఏమీ జరగలేదు. అయినా బాణం లేకుండా నారి వదిలిన సంఘటనలు కూడికల్లో కనిపించాయి. చేతిలోనే విల్లు పేలిపోయే ప్రమాదం ఉంది, దయచేసి పిల్లలకు కూడా ముందే చెప్పండి. టిల్లరింగ్ చేసేటప్పుడు తాడును కప్పీ మీదుగా దూరం నుంచి లాగాలి, విల్లుకు సూటిగా ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సభ్యుల తనిఖీ పూర్తయింది.

సభ ఆమోదానికి

మూడు ప్రతిపాదనలు ఓటింగుకు వస్తాయి. ఒకటి, మూడు స్థితుల పరిశీలనను శాశ్వత నియమం చేయడం. రెండు, ప్రతి విల్లుకూ మార్కులతోపాటు కనీసం ఒక లోపం, ఒక సుగుణం రాతపూర్వకంగా ఇవ్వాలని న్యాయనిర్ణేతలను కోరడం. వట్టి అంకె చేతిలో పెడితే తయారీదారు తర్వాతి విల్లులో ఏం మార్చుకోవాలో తెలియదు. మూడు, మార్పిడిలో తాము చేసిన లేదా తాము అందుకున్న విల్లుకు ఎవరూ మార్కులు వేయకూడదన్నది. రెండో ప్రతిపాదన న్యాయనిర్ణేతల పని బాగా పెంచుతుంది, కాబట్టి ఆ పనికి ముందుకొచ్చేవారు సభకు ముందే తమ పేర్లు కార్యదర్శికి ఇవ్వాలి. మార్పిడి చీటీలు సభ ముగిశాక అక్కడే తీస్తాం. మీ లాగే దూరాన్ని ఎవరి చేతనైనా కొలిపించుకుని రండి.