మన కార్డుల సంఘం, కర్నూలు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో సగం ఒక్క కార్డుల కట్టకే పోయింది. అందుకే నివేదిక కూడా దాంతోనే మొదలుపెడుతున్నాను.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చిన రోజు మనలో చాలామందికి గుర్తే. పాతబస్తీలో ఉండే మన సభ్యుడొకాయన ఆ నీళ్లలో మునిగిన రెజ్లింగ్ ట్రంప్ కార్డులను ఇన్నేళ్లూ పారేయలేక దాచుకుని, ఆగస్టు సమావేశానికి పట్టుకొచ్చారు. అన్నీ అతుక్కుపోయి ఇటుకలా ఉన్నాయి. అంచుల్లో ఒండ్రు ఎండిపోయి, గోరు తగిలితే పొడి రాలుతోంది. "మా నాయన కొనిచ్చినవి. అమ్మేదానికి కాదు, విడివిడిగా చూసుకుంటే చాలు" అన్నారాయన.

నునుపు పూత ఉన్న అట్ట తడిసి ఆరితే ఆ పూతే జిగురైపోతుంది. ఎండాక లాగితే బొమ్మ ఊడి పక్క కార్డుకు పోతుంది. ముందు ఒండ్రును మెత్తటి బ్రష్‌తో దులిపాం. మూత డబ్బాలో తడి స్పాంజి పెట్టి, నీళ్లు తగలకుండా జాలీ మీద కట్టను ఉంచి, లోపలి తేమకే మెత్తబడనిచ్చాం. బూజు భయంతో మాటిమాటికీ తెరిచి చూశాం. సన్నటి పాలిస్టర్ షీటు ముక్కను మూలన దూర్చి, వచ్చినంత వరకే విడదీసి, బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు కింద ఆరబెట్టాం. పైన ఉన్నవి కొన్ని బాగానే వచ్చాయి. మధ్యలో కొన్నిటికి బొమ్మ సగం పోయింది. అడుగువి అస్సలు కదల్లేదు, అలాగే వదిలేశాం. ఇంకా లాగుంటే అవీ పోయేవి.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. తడిసిన కార్డులకు రెండు రోజుల్లోనే బూజు పట్టొచ్చు. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే జిప్ కవర్లో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

అంతకుముందు జూన్‌లో ఒక తమ్ముడు తన పోకెమాన్ హోలో కార్డును, అంటే అట్ట మీద మెరిసే రేకు ఉన్నదాన్ని, ఒక జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించి, మురిపెంగా చూపించాడు. వేడికి కరిగిన జిగురు అట్టకు పట్టేసింది. ఇక రాదని వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు. కార్డు వంగిపోతోందని చేయించాడట. రేకు తేమ పీల్చదు, అట్ట పీలుస్తుంది. అందుకే వానాకాలంలో ఒకవైపు, మన మే నెల ఎండలకు ఇంకోవైపు వంగుతుంది. తేమ 45–50 శాతం దగ్గర నిలకడగా ఉంటే చాలా వరకు సర్దుకుంటుంది. ఇందుకే సంఘం తరఫున తేమ కొలిచే మీటరు, సిలికా జెల్, పాలీప్రొపిలీన్ స్లీవ్‌లు కొన్నాం. పాత పీవీసీ ఆల్బమ్‌లలో ఇంకా కార్డులు పెట్టినవాళ్లు దయచేసి తీసేయండి, అవి కొన్నేళ్లకు జిడ్డు వదిలి బొమ్మకు అంటుకుంటాయి.

తెల్లబడ్డ అంచులకు మార్కర్ వేయడం మీద సర్వసభ్య సమావేశంలో గట్టి వాదనే జరిగింది. కార్డు ఏ స్థితిలో ఉందో చూసి మార్కులేసే పీఎస్ఏ లాంటి గ్రేడింగ్ సంస్థలు రంగు వేసినా, అంచు కత్తిరించినా దాన్ని మార్చిన కార్డుగానే లెక్కిస్తాయి. సొంత ఆల్బమ్‌లో ఎవరిష్టం వారిది. మన దగ్గర మార్పిడికి తెచ్చేటప్పుడు మాత్రం ఏం చేశారో చీటీ మీద రాసి స్లీవ్ వెనక పెట్టాలని తీర్మానించాం. చెప్పకుండా ఇవ్వడం మోసమే అని నా అభిప్రాయం కూడా.

జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు.

పాత రెజ్లింగ్ ట్రంప్ కార్డుల్లో డబుల్స్ ఉన్నవాళ్లు వచ్చే సమావేశానికి తీసుకురండి. పాతబస్తీ అన్న కట్టలో బొమ్మ పోయినవాటి జాబితా నా దగ్గరుంది.

– కార్యదర్శి