ఆల్చిప్పలకి కొలతలు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైందని అలగకు. మొన్న మా బుజ్జిదాని క్లాసు పిల్లలకి తోడుగా వెళ్ళి, మోకాళ్ళ దాకా బురదతో ఇంటికొచ్చాను. దేనికంటావా? ఆల్చిప్పలు కొలవడానికి! ఒట్టు.

ఇక్కడ న్యూయార్కులో బ్రాంక్స్ నది ఉప్పునీళ్ళలో కలిసేచోట సౌండ్‌వ్యూ పార్కుంది. పిల్లలు తాడు పట్టి లాగితే నీళ్ళలోంచి ఇనప పంజరం పైకొచ్చింది. ఒంటినిండా నాచు, కంపు సంగతి అడక్కు. లోపల పాత చిప్పలకి అతుక్కుని పిల్ల ఆల్చిప్పలు, సందుల్లో వేలిగోరంత పీతలు, గాజుముక్కల్లాంటి రొయ్యలు. బుజ్జిది ఒక్కోదాన్నీ కొలిచి "42 మిల్లీమీటర్లు నాన్నా, రాయి" అంటుంటే నాది గుమస్తా పని. హోంవర్కంటే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోదురా అది! ఒకటి నోరు తెరుచుకునుంది, లోపల బురద తప్ప ఏం లేదు. "ఇది పోయింది" అని వేరే గడిలో రాయించింది.

ఇదంతా 2014లో మొదలైన బిలియన్ ఆయిస్టర్ ప్రాజెక్టు పని. గవర్నర్స్ ఐలాండ్ అనే దీవి మీద హార్బర్ స్కూలని ఓ హైస్కూలుంది, ఈ ప్రాజెక్టు పుట్టింది అక్కడే. అక్కడ పడవ నడపడం, డైవింగ్ కూడా పాఠాలే. మనం చెరువులో దిగితే వీపు విమానం మోత మోగేది, గుర్తుందా? 2035కల్లా వందకోట్ల ఆల్చిప్పలు వేయాలని ఆ ప్రాజెక్టు వాళ్ళ పట్టుదల. హోటళ్ళలో తిని పారేసిన చిప్పలు పోగుచేసి, ఏడాదిపాటు ఎండకీ వానకీ వదిలేసి, ఆ తర్వాత తొట్లలో వాటిమీద కంటికి ఆనని పిల్ల ఆల్చిప్పలు అతుక్కునేలా చేస్తారు. ఎదిగితే ఒక్కటి రోజుకి 190 లీటర్ల దాకా నీళ్ళు వడకడుతుందట.

తినొచ్చా అని అడిగాను. టీచరమ్మ నవ్వింది. గట్టి వాన పడితే డ్రైనేజీ పొంగి మురుగంతా ఏట్లోకే. ఆ పైపుల సంగతి చూడకుండా ఎన్ని చిప్పలేస్తే ఏం లాభం అనుకున్నాను గానీ, బుజ్జిదాని ముందు నోరెత్తలేదు.

ఇంకో తమాషా. ఒకప్పుడు ఇక్కడా ఆల్చిప్పలు కాల్చి ఆ సున్నంతో గోడలు కట్టేవాళ్ళట. వినగానే మన గుల్లసున్నం, మీ తాతగారి ఇంటి గచ్చు గుర్తొచ్చాయి. ఊరి చివర సున్నపు బట్టీ ఇంకా ఉందా? సంక్రాంతికి వచ్చినప్పుడు చూపిస్తానని బుజ్జిదానికి మాటిచ్చేశాను. లేకపోతే ముందే రాయి, ఇప్పట్నించే ఏదో ఒకటి సర్దిచెప్పుకోవాలి.

నీ
రాజు