పోగు సంగతి

పద్మా,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో నేను చెప్పను, నువ్వూ అడగకు. పశువులకు టీకాల రోజులు అన్న ఒక్క మాటతో క్షమించేయాలి. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, తమ్ముడికి ఉద్యోగం ఇంకా రాలేదు, నేను చిక్కలేదు. నీ హైదరాబాదు కుక్కలన్నీ క్షేమమని తలుస్తాను. కబుర్లు అయిపోయాయి. ఇక అసలు సంగతి విను, చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా ఊళ్లో ఒక గేదె చచ్చిపోయింది. నవ్వకు! వానల్లేక వాడిపోయిన లేత జొన్న చేలో పడి మేసింది. ఫోను వచ్చి నేను బండి తీసేలోపే ప్రాణం పోయింది. మనం పరీక్షకు బట్టీ పట్టామే, జొన్న పిలకల్లో సయనైడు విషం, అదే. పశువుల డాక్టరు గారు కోసి చూస్తే నెత్తురు నిజంగానే అంత ఎర్రగా ఉంది. పుస్తకం వాళ్లు అబద్ధం రాయలేదు.

గేదె యజమాని భర్త పోయిన మనిషి. ఆ పాల డబ్బుతోనే ఇల్లు గడిచేది. బీమా లేదు. 2024లో పశువుల బీమాకు రైతు వాటా ప్రీమియం 15 శాతానికి తగ్గిందని, మిగతాది ప్రభుత్వం భరిస్తుందని ఊరందరినీ కూర్చోబెట్టి గొంతు పోయేలా చెప్పినదాన్ని నేనే. "చూద్దాంలేమ్మా" అంది అప్పుడు.

ఇంకా కోసి చూడకముందే, డాక్టరు గారు దారిలో ఉండగా, మా ఇంటి యజమాని పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ అద్దెకు తప్ప రాని మనిషి!

"అమ్మాయ్, ఆవిడ బావగారి గేదెకు బీమా ఉంది. అదీ ముర్రానే, ఇదీ ముర్రానే. దాని చెవికున్న పాత నంబరు పోగు ఊడిపోయిందనీ, పోయిన నెల కొత్తది వేశాననీ రాసెయ్. ఆ కొత్తది దీని చెవికి గుచ్చి ఫొటో తీయి. డాక్టరు గారు సంతకం పెడతారు. నీ సొమ్మేం పోయింది?"

నాకు ముందుగా గుర్తొచ్చింది మన ప్రాక్టికల్స్. నెల కిందట వేసిన పోగైతే చిల్లు చుట్టూ మాని, అంచు గట్టిపడాలి కదా. చచ్చిన చెవికి గుచ్చితే నెత్తురు రాదు, వాపు రాదు, కాగితానికి చిల్లు కొట్టినట్టు ఉంటుంది. అదే చెప్పాను. "చెవి ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

అక్కడ మండింది నాకు. చూడాల్సింది నేనే కదా! డాక్టరు గారికి ఎన్ని ఊళ్లో నీకు తెలుసు. ఏ గేదె ఎవరిదో నేను చెప్తేనే ఆయనకు తెలిసేది. 1984 వెటర్నరీ కౌన్సిల్ చట్టం 30వ సెక్షను మనలాంటి పశువైద్య సహాయకులకు ఇచ్చింది టీకా, కట్టు కట్టడం, విత్తులు కొట్టడం లాంటి చిన్న పనులే, అవీ రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో. కానీ ఆయన సంతకం పెట్టే కాగితం మొదలయ్యేది నా రాతతోనే.

ఇంకో తమాషా చూడు. అలా రాస్తే పోగు మీదుండే ఆ 12 అంకెల నంబరు మీద బావగారి గేదె చచ్చినట్టు లెక్క. అదేమో గడ్డి మేస్తూ, పాలిస్తూ ఉంటుంది. ఆరు నెలలకు గాలికుంటు టీకా వేస్తే ఎక్కడ ఎక్కించను? దయ్యం గేదెకు టీకా అనా?

కాదన్నాను. పెద్దాయన వెళ్లిపోయాడు. డాక్టరు గారు వచ్చాక ఆయనకు మొత్తం చెప్పాను. ఒక్క నిమిషం నా వంక చూసి, "దూడ ఏం తాగుతోంది?" అని అడిగారు. అంతే! మెచ్చుకుంటారేమో అనుకున్నాను, సిగ్గు లేకుండా.

ఇక్కడిదాకా అయితే నీకు రాసేదాన్నే కాదు. మర్నాడు ఆవిడే వచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. "వేయని టీకాలు వేసినట్టు ఎన్ని రాస్తారమ్మా మీవాళ్లు, నాకు ఒక్కటి రాయలేవా?" అంది.

నేను అలా రాయలేదు. రాసేవాళ్లు మాత్రం నాకు తెలుసు, నీకూ తెలుసు. నెలాఖరు లెక్క కోసం అబద్ధం రాస్తే ఎవరూ అడగరు. ఆవిడ కోసం రాస్తే మోసం. రెండూ తప్పే, సరే, కానీ ఆవిడకు ఆ మాట ఏ ముఖంతో చెప్పను? అలాంటి రాతలు చూసి నేనూ ఊరుకున్నాను కదా, మరి అది... ఏమో.

విమానం ఎక్కే కుక్కలకు రేబిస్ టీకా తేదీ వెనక్కి వేయమంటారని రాశావు కదా, నువ్వేం జవాబు చెప్తావు? డబ్బున్నవాళ్లను కాదనడం తేలికేమో. నిజంగా అడుగుతున్నాను, దెప్పడం లేదు.

దూడకు పక్కింటి గేదె పాలు ఏర్పాటు చేశాను. నేను వెళ్తే ఆవిడ లోపలికి పోతుంది, గిన్నె మాత్రం కడిగి బయట పెడుతుంది. పెద్దాయన అద్దె పెంచుతాడని పందెం. ఓడితే నీకు బందరు లడ్డూ, ఈసారి నిజంగానే.

వాకిట్లో ఎవరో కేకేస్తున్నారు, చూడి గేదె నొప్పులు పడుతోందట. పోస్టు కట్టేలోపు ఇది ఆ అబ్బాయి చేతికి ఇచ్చి పోతాను. టీకా లెక్కల విషయం డాక్టరు గారితో ఎత్తాలా వద్దా, నువ్వు వెంటనే రాయి, ఎందుకంటే ఆ రాసేవాళ్లలో మన

వస్తున్నానండీ! ఉంటానే.

నీ
చెవిపోగుల శాఖ